కొత్తగా కొన్న ఇంటికి సోలార్ పెట్టించాలా? కిలోవాట్ల కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

ఇల్లు చేతికొచ్చిన కొద్ది రోజులకే సోలార్ ఏజెన్సీల ఫోన్లు మొదలవుతాయి. "మీకు 3 కిలోవాట్లు వేయమంటారా, 5 వేయమంటారా?" అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. కొత్త ఇంటి విషయంలో అది చివరగా తేల్చాల్సిన ప్రశ్న. మీటరు ఎవరి పేరున ఉంది, డాబా మీద హక్కు ఎవరిది, పైన ఇంకో అంతస్తు వేస్తారా, ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుంది, ఈ ఇంట్లో మీరు నెలకు ఎన్ని యూనిట్లు కాలుస్తారు? ఇవి తేలితే కిలోవాట్ల సంఖ్య దానంతటదే వస్తుంది. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేసే వస్తువులు. కొన్ని నెలలు ఆగి పెట్టించుకుంటే పోయేదేమీ లేదు. తొందరపడి తప్పు చోట బిగిస్తే మాత్రం తీసి మళ్లీ పెట్టించుకునే ఖర్చు మీదే.

మీటరు మీ పేరున ఉందా?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కరెంటు బిల్లు మీది పేరు. ఇల్లు మీ పేరున రిజిస్టర్ అయినా కరెంటు సర్వీసు చాలాసార్లు పాత యజమాని పేరునో, బిల్డర్ పేరునో ఉండిపోతుంది. ఇళ్ల సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు సర్వీసు నంబరు మీద నడుస్తుంది. తెలంగాణలో అయితే బిల్లు మీది యూఎస్‌సీ నంబరు ఇవ్వాలి. బిల్లులో ఉన్న పేరు, దరఖాస్తుదారు పేరు, సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు ఈ మూడూ కలవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉన్నా సబ్సిడీ దగ్గర ఆగిపోవచ్చు.

పేరు మార్పిడికి రిజిస్టర్డ్ సేల్ డీడ్, తాజా బిల్లు, ఆధార్ పట్టుకుని కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) కస్టమర్ సర్వీస్ సెంటర్‌లోగానీ ఆన్‌లైన్‌లోగానీ దరఖాస్తు చేయాలి. పాత యజమాని సంతకం అవసరం పడొచ్చు కాబట్టి రిజిస్ట్రేషన్ రోజే ఆ కాగితం మీద సంతకం తీసుకుంటే మళ్లీ ఆయన వెంట తిరిగే పని ఉండదు. పాత బకాయిలు ఉంటే అదే రోజు కట్టించండి.

అదే బిల్లులో ఇంకో రెండు విషయాలు చూడండి. ఒకటి కేటగిరీ. ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న కనెక్షన్‌ను అలాగే వదిలేసిన ఇళ్లు ఉంటాయి. అది గృహ వినియోగం కేటగిరీలోకి మారితేనే ఇంటి సబ్సిడీ వర్తిస్తుంది. రెండోది మంజూరైన లోడ్, అంటే మీ కనెక్షన్‌కు అనుమతించిన కిలోవాట్లు. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఇళ్ల సోలార్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. అన్ని వివరాలూ సరిగా ఇస్తే ఆమోదించినట్టే లెక్క. అందుకు తగ్గట్టు లోడ్ పెంచాల్సి వస్తే ఆ పని డిస్కం చేస్తుంది. మీ ప్రాంతంలో లోడ్ పెంపుకు డిపాజిట్, చార్జీలు ఏమైనా కట్టాలేమో సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరును (ఏఈ) ముందే అడిగి లెక్కలో వేసుకోండి.

డాబా ఎవరిది?

ఇండిపెండెంట్ ఇల్లయితే చిక్కు లేదు. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాట్ కొన్నంత మాత్రాన టెర్రస్ మీది కాదు, అది ఉమ్మడి ఆస్తి. సేల్ డీడ్‌లో టెర్రస్ హక్కు గురించి ఏం రాశారో చదవండి. అసోసియేషన్ తీర్మానం లేకుండా ఒక్క ప్యానెల్ కూడా పైకి ఎక్కించకండి. తరువాత తగాదా వస్తే నష్టపోయేది డబ్బు పెట్టినవాళ్లే. అపార్ట్‌మెంట్లకు మెరుగైన దారి ఒకటుంది. లిఫ్టు, బోరు మోటారు, కామన్ లైట్ల మీటరుకు అసోసియేషన్ పేరున సోలార్ పెట్టించుకుంటే కిలోవాట్‌కు 18,000 రూపాయల చొప్పున సబ్సిడీ వస్తుంది. ఆ ఆదా నెలవారీ మెయింటెనెన్స్‌లో అందరికీ కనిపిస్తుంది. గేటెడ్ కమ్యూనిటీ విల్లాల్లో డాబా మీదే అయినా, ఎత్తయిన స్ట్రక్చర్లు వేయకూడదన్న నియమం బైలాల్లో ఉండొచ్చు. అది ముందే చూసుకోండి.

బిల్డర్ దగ్గర కొత్తగా కొన్న ఇల్లయితే వారంటీ కూడా ఆలోచించాలి. ఇళ్లు కొనేవాళ్లకు రక్షణనిచ్చే రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం ఇల్లు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో బాగు చేయాలి. డాబాకు మీరు డ్రిల్లింగ్ చేయించాక కప్పు కారితే "మీ సోలార్ వాళ్ల వల్లే" అనడానికి ఆయనకు దారి దొరుకుతుంది. అందుకని ఒక వర్షాకాలం గడవనివ్వండి. ఎక్కడైనా చెమ్మ దిగితే బిల్డర్ చేత బాగు చేయించి, ఆ తరువాతే ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్ వేయించండి. ఆగడం కుదరకపోతే, పని మొదలయ్యే ముందు డాబా మొత్తాన్నీ, కింద సీలింగ్‌నూ తేదీ పడేలా ఫొటోలు తీసి బిల్డర్‌కు ఈమెయిల్‌లో పంపి ఉంచండి.

పైన ఇంకో అంతస్తు వేస్తారా?

పిల్లర్ల చువ్వలు పైకి వదిలేసిన ఇల్లయితే ఈ ప్రశ్నకు ఇప్పుడే ఖచ్చితమైన జవాబు కావాలి. రెండు మూడేళ్లలో పైన వేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడు సోలార్ వద్దు. ప్యానెళ్లు విప్పి, దించి, దాచి, కొత్త కప్పు మీద మళ్లీ బిగించాలంటే స్ట్రక్చర్, కేబుళ్లు, కూలీ దాదాపు కొత్తగా పెట్టినట్టే అవుతాయి. విప్పేటప్పుడు అద్దం పగిలితే వారంటీ వర్తించదు. అయిదారేళ్ల తరువాతి మాట అయితే ఇప్పుడే పెట్టించుకోవచ్చు, ఎందుకంటే అప్పటికి పెట్టుబడి చాలామందికి తిరిగొచ్చేసి ఉంటుంది. ఎటూ తేలకపోతే కనీసం పిల్లర్లను, మెట్లు పైకి వచ్చే చోటును వదిలి ప్యానెళ్లు అమర్చమనండి.

ఇంట్లో ఇంటీరియర్ పనులు జరుగుతుంటే ఇప్పుడే చేయించాల్సిన చిన్న పని ఒకటుంది. డాబా నుంచి మీటరు బోర్డు దాకా గోడలో రెండు పీవీసీ పైపులు, ఒకటిన్నర అంగుళాలవి, వేయించి చివర్లు మూసి పెట్టించండి. ఒకటి కేబుల్‌కు, రెండోది ఎర్తింగ్ తీగకు. ఇప్పుడు ఖర్చు వందల్లో ఉంటుంది. పెయింటింగ్ అయ్యాక ఎలివేషన్ మీద పైపులు వేలాడదీస్తే ఆ ఇల్లు చూడలేరు.

నీడ: సగం నిర్ణయం ఇక్కడే

ప్యానెళ్లు వరసగా, సిరీస్‌లో కలిపి ఉంటాయి. పొలానికి నీళ్లు పారే పైపును ఒకచోట కాలితో తొక్కితే మొత్తం ధార తగ్గినట్టు, ఒక ప్యానెల్ మీద పడ్డ నీడ ఆ వరసంతటి మీదా ప్రభావం చూపుతుంది. ప్యానెల్ వెనక ఉండే బైపాస్ డయోడ్లు నష్టాన్ని కొంత ఆపుతాయి, పూర్తిగా ఆపలేవు. అందుకే "కొంచెం నీడే కదా" అని ఏజెంటు అంటే ఒప్పుకోవద్దు.

మన దగ్గర నీడ ఎక్కువగా ట్యాంకుది, మెట్ల గదిది. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని ఓవర్‌హెడ్ ట్యాంకును అక్కడే, చాలాసార్లు మెట్ల గది మీదే పెడతారు. డాబా నేల నుంచి కొలిస్తే రెండూ కలిపి 4 మీటర్ల ఎత్తు తేలికగా ఉంటాయి. డిసెంబరులో హైదరాబాదు అక్షాంశం దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 4 మీటర్ల ట్యాంకు నీడ ఉత్తరానికి మూడున్నర మీటర్లు సాగుతుంది. ఉదయం 9కి, సాయంత్రం 3కి సూర్యుడి ఎత్తు దాదాపు 30 డిగ్రీలే. నీడ 7 మీటర్లు ఉంటుంది, ఉదయం వాయవ్యం వైపు, సాయంత్రం ఈశాన్యం వైపు. అంటే నైరుతి ట్యాంకు ఉన్న ఇంట్లో డాబా ఈశాన్య భాగం ఎంత ఖాళీగా కనిపించినా చలికాలం సాయంత్రాలు అక్కడ ఎండ ఉండదు. ట్యాంకుకు కొంత ఎడంగా, దక్షిణపు పిట్టగోడ వెంట ఆగ్నేయం వైపు ఉన్న జాగా సాధారణంగా అన్నిటికన్నా మంచిది.

పిట్టగోడ కూడా నీడ వేస్తుంది. 3 అడుగుల పిట్టగోడ నీడ డిసెంబరు ఉదయం ఉత్తరానికి సుమారు ఒక మీటరు పడుతుంది. కాబట్టి దక్షిణపు గోడ నుంచి మీటరు వదలండి, లేదా ప్యానెల్ కింది అంచును గోడ ఎత్తుకు లేపండి.

వేసవిలో ఇల్లు కొన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నం సూర్యుడు తెలంగాణ, ఉత్తర కోస్తాలలో దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరానికే ఉంటాడు. నీడలు కాళ్ల కిందే ఉంటాయి. డాబా అంతా ఎండే అనిపిస్తుంది. ఆ లెక్కతో బిగించిన ప్యానెళ్లలో కొన్ని నవంబరుకు నీడలోకి వెళ్లొచ్చు. ఫోన్‌లో సూర్యుడి దారి చూపే యాప్ ఏదైనా వేసుకుని, డిసెంబరు 21వ తేదీ పెట్టి, ప్యానెళ్లు రావాల్సిన చోట నిలబడి ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు సూర్యుడి దారికి అడ్డంగా ఏముందో చూడండి. పక్క ఖాళీ స్థలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మీకు దక్షిణాన ఖాళీ ప్లాటు ఉంటే అక్కడ రేపు జీ ప్లస్ 2 లేస్తుంది. ఆ అవకాశం బలంగా ఉంటే ప్యానెళ్లను సరిహద్దుకు వీలైనంత దూరంగా జరపండి. నీడ ఎలాగూ తప్పదనుకున్న చోట ఒక్కో ప్యానెల్‌కు విడిగా పనిచేసే మైక్రో ఇన్వర్టర్లు ఉపయోగపడతాయి. ధర ఎక్కువే, కానీ ఒకదాని నీడ ఇంకోదాని మీద ప్రభావం చూపదు.

జాగా విషయానికొస్తే, కిలోవాట్‌కు 100 చదరపు అడుగుల నీడలేని చోటు చాలు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు ఉంటుంది. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు. దక్షిణ ముఖంగా 10 నుంచి 15 డిగ్రీల వాలు మన ప్రాంతానికి సరిపోతుంది. దక్షిణం కుదరకపోతే తూర్పు, పడమర ముఖాలు పెట్టినా నష్టం కొంతే. నీడ వల్ల పోయేదానితో పోలిస్తే దిక్కు వల్ల పోయేది చిన్నది.

బిల్లుల చరిత్ర లేని ఇంట్లో యూనిట్ల లెక్క

పాత ఇల్లయితే 12 నెలల బిల్లులు ముందు వేసుకుని కూర్చోవచ్చు. కొత్త ఇంటికి ఆ వీలు లేదు. అమ్మినవాళ్ల బిల్లులు సర్వీసు నంబరుతో ఆన్‌లైన్‌లో దొరికినా అవి వాళ్ల వాడకం. మీరు ఇంతకు ముందున్న ఇంటి బిల్లులు తీసి, కొత్తగా ఏం చేరుతుందో కలపండి. 1.5 టన్నుల 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ మే నెల రాత్రి 8 గంటలకు 5 నుంచి 7 యూనిట్లు తీసుకుంటుంది. 2 కిలోవాట్ల గీజర్ అరగంటకు ఒక యూనిట్. ఒక హెచ్‌పీ బోరు మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్. ఎలక్ట్రిక్ స్కూటర్ ఒకసారి నిండా చార్జ్ చేస్తే 3 నుంచి 4 యూనిట్లు. అద్దె ఇంట్లో ఒక ఏసీతో గడిపినవాళ్లు సొంత ఇంట్లో మూడు గదులకూ ఏసీలు పెట్టిస్తారు. ఆ తేడా ముందే వేసుకోవాలి. మేము ఇచ్చే సలహా ఏమిటంటే, వీలైతే ఒక వేసవి నెల, ఒక చలికాలపు నెల బిల్లు ఈ ఇంట్లోనే వచ్చాక నిర్ణయించుకోండి.

యూనిట్లు తెలిశాక శ్లాబులు చూడాలి. నెట్ మీటరింగ్‌లో మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి ఇచ్చినవి తీసేసి మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. కాబట్టి సోలార్ ముందుగా తీసేసేది అన్నిటికన్నా ఖరీదైన పై శ్లాబు యూనిట్లను. తెలంగాణలో నెలకు 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, తరువాతి 100కు 7.70 చొప్పున 770, ఆపై 50కి 9 చొప్పున 450. మొత్తం 2,240 రూపాయలు. ఇందులో ఫిక్స్‌డ్ చార్జీ, ఇతర చార్జీలు కలపలేదు.

మన ఎండకు 1 కిలోవాట్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 110 మిగులుతాయి. ఇప్పుడు మీరు 200 దాటలేదు కాబట్టి శ్లాబు కూడా మారుతుంది. 100 యూనిట్లకు 3.40, మిగతా పదికి 4.80 చొప్పున బిల్లు 388 రూపాయలే. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకు 1,852 రూపాయలు ఆదా చేశాయి. మూడో కిలోవాట్ ఆదా చేసేది ఆ మిగిలిన 388 మాత్రమే. నాలుగోది, అయిదోది పెడితే ఆదా చేయడానికి బిల్లే ఉండదు. మిగులు యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర మీరు పై శ్లాబుల్లో కొనే ధర కన్నా బాగా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తీరు ఇదే. అక్కడ 225 యూనిట్లు దాటితే 8.75, 400 దాటితే 9.75 పడుతుంది. 350 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 2,111 రూపాయలు. 2 కిలోవాట్లు పెట్టాక మిగిలే 110 యూనిట్లకు 350 లోపే. ఈ ధరలు ఏటా విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులతో మారొచ్చు కాబట్టి మీ తాజా బిల్లులోని ధరలతో ఇదే లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

నెలకు 200 యూనిట్ల లోపే వాడేవాళ్లకు సోలార్ తొందర లేదని మా అభిప్రాయం. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ఆదా చేయడానికి ఏమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది కాబట్టి వాళ్లు ఆ అర్హత చూసుకుని నిర్ణయించుకోవాలి. విదేశాల్లో ఉంటూ ఇక్కడ ఇల్లు కొని తాళం వేసి ఉంచేవాళ్లకు ఇది లాభం కాదు. తయారైన కరెంటంతా తక్కువ ధరకు పోతుంది, ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచేవాళ్లూ ఉండరు.

డబ్బు లెక్క

పీఎం సూర్యఘర్ కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 వస్తాయి. 3 కిలోవాట్లు, ఆపై ఎంత పెట్టినా 78,000 దగ్గర ఆగిపోతుంది. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు డీసీఆర్ రకం కావాలి, అంటే సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. డీసీఆర్ కాని ప్యానెల్ చౌక. కొందరు ఆ ధర చెప్పి, సబ్సిడీ కూడా తీసేసి చూపిస్తారు. రెండూ ఒకేసారి కుదరవు.

డీసీఆర్ ప్యానెళ్లతో 3 కిలోవాట్ల వ్యవస్థకు మామూలు ఎత్తు స్ట్రక్చర్‌తో సాధారణంగా 1.7 నుంచి 2.1 లక్షలు అవుతుంది. సబ్సిడీ పోను సుమారు 92 వేల నుంచి లక్షా 32 వేలు. పైన చెప్పిన 350 యూనిట్ల ఇంటికి ఏడాదికి సుమారు 26,000 ఆదా. అంటే నాలుగైదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. సబ్సిడీ ముందుగా రాదు. నెట్ మీటర్ బిగించి, తనిఖీ పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం మీరే పెట్టుకోవాలి. 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు రుణం ఇస్తున్నాయి. ఇంటి రుణం ఈఎంఐ అప్పుడే మొదలైనవాళ్లకు ఇది మంచి దారి, నెలవారీ ఆదా కిస్తీలో చాలా భాగం భరిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత పన్ను వేసి ఉంటే సరిచేయించండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది

ఇది బిగించాక తెలిసి బాధపడేవాళ్లు చాలామంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కు కలిపే సాధారణ (ఆన్‌గ్రిడ్) సోలార్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లోపం కాదు, భద్రత కోసమే అలా చేశారు. కరెంటు తీసి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి వెనక్కి వెళ్లే కరెంటు తగిలితే ప్రాణం పోతుంది.

కోతలు తక్కువ ఉన్న ఊళ్లో ఇంట్లో ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్ చాలు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. సోలార్ నుంచి వచ్చే తీగను మీటరుకు, మెయిన్ బోర్డుకు మధ్యే కలపాలి. బ్యాటరీ ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు ఎప్పుడూ కలపకూడదు. అలా కలిపితే సోలార్ ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని కరెంటు తోస్తుంది, బ్యాటరీ ఇన్వర్టర్ కాలిపోతుంది. గంటల తరబడి కోతలుండే చోట సోలార్‌నూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోవచ్చు. ఖర్చు లక్షకు పైగా పెరుగుతుంది, బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. ఇప్పుడు తేల్చుకోలేకపోతే తరువాత బ్యాటరీ తగిలించుకునే వీలున్న హైబ్రిడ్ ఇన్వర్టర్ ఒక్కటీ ముందుగా పెట్టించుకునే పద్ధతీ ఉంది.

స్ట్రక్చర్, తీగలు, ఎర్తింగ్

కొనేవాళ్లు ప్యానెల్ బ్రాండు గురించి పది ప్రశ్నలు అడుగుతారు, స్ట్రక్చర్ గురించి ఒక్కటీ అడగరు. నిజానికి డాబా మీద ముందుగా దెబ్బతినేది స్ట్రక్చరే. బరువు సమస్య కాదు. ఆరు ప్యానెళ్లు, ఇనుము కలిపినా చదరపు మీటరుకు 20 కిలోల దరిదాపే. మనుషులు తిరిగే ఆర్‌సీసీ డాబాను చదరపు మీటరుకు 150 కిలోల భారానికి లెక్కేసి కడతారు. సమస్యల్లా గాలిది. వాలుగా ఉన్న ప్యానెల్ కిందికి దూరిన గాలి దాన్ని పైకి లేపుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కకు ఆధారంగా తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు వీచిన గాలి ఆ స్థాయిది. కోస్తాలో ఇల్లు కొన్నవాళ్లు "మీ స్ట్రక్చర్ 50 మీటర్ల గాలికి లెక్కేశారా, కాగితం చూపండి" అని అడగాలి.

ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినది) అయ్యుండాలి, పూత 80 మైక్రాన్లు ఉండాలి. పని జరిగే చోటే కోసి వెల్డింగ్ చేసి వెండిరంగు పెయింట్ కొట్టే స్ట్రక్చర్ ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి పూత కాలిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. సముద్రానికి దగ్గరైతే బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. కాళ్లు వీలైనంత వరకు బీముల మీద, పిల్లర్ల మీద రావాలి. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుంటే ఇది తేలిక. ఒక్కో కాలు కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మ పోయించి, దాని చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత వేయించండి. దిమ్మ పోసే ముందు అక్కడి నున్నటి పైపూత గీకి గరుకు చేయకపోతే దిమ్మకూ డాబాకూ అతుకు ఉండదు, ఆ సందులోంచే నీరు దిగుతుంది. కప్పు నుంచి ప్యానెల్‌కు కనీసం అడుగు ఎడం ఉంటే గాలి ఆడుతుంది.

ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా వెళ్లే డీసీ తీగ 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ రకం రాగిది కావాలి. మామూలు ఇంటి వైరు ఎండకు రెండు మూడేళ్లలో పగుళ్లిస్తుంది. ఆరు ప్యానెళ్ల వరసలో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా ఎండ ఉన్నంతసేపు ఆ తీగలో వోల్టేజీ ఉంటుంది. కాబట్టి పిల్లలు తిరిగే డాబాలో అది పైపులోనే వెళ్లాలి, నేల మీద పడి ఉండకూడదు. కనెక్టర్ల రెండు సగాలూ ఒకే కంపెనీవి కావాలి. వేర్వేరు రకాలు కలిపితే అతుకు వదులై వేడెక్కి కరుగుతుంది. ఎర్తింగ్ గుంతలు మూడు: పిడుగు కడ్డీకి ఒకటి, డీసీ వైపు ప్యానెళ్లు, స్ట్రక్చర్‌లకు ఒకటి, ఇన్వర్టర్ నుంచి మీటరుకు వెళ్లే ఏసీ కరెంటు వైపు ఒకటి. డబ్బు మిగుల్చుకోవడానికి మూడింటినీ ఒకే గుంతలో కలిపేస్తారు. పిడుగు పడ్డ రోజు ఆ కరెంటు ఇన్వర్టర్ లోకి దూరుతుంది. గుంతలు తవ్వేటప్పుడు దగ్గరుండి చూడండి. నిరోధం 5 ఓంల లోపు ఉన్నట్టు మీటరుతో కొలిచి చూపించమనండి.

కొటేషన్ ఎలా చదవాలి

కనీసం ముగ్గురి దగ్గర తీసుకోండి, ముగ్గురూ డాబా ఎక్కి కొలతలు తీసుకున్నాకే. ఫోన్‌లో ధర చెప్పినవాళ్లను పక్కన పెట్టండి. కాగితం మీద ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు, డీసీఆర్ అన్న మాట, ఇన్వర్టర్ మోడల్, స్ట్రక్చర్ ఎత్తు, తీగల పొడవు, ఎర్తింగ్ సంఖ్య, నెట్ మీటర్ చార్జీ ఎవరిది, సివిల్ పని ఎవరిది, పన్ను కలిపిందా అన్నవన్నీ ఉండాలి. "ప్రముఖ బ్రాండు" అని రాసి ఉంటే అది కొటేషన్ కాదు. ఈ పథకంలో ఏజెన్సీ 5 ఏళ్లు నిర్వహణ చూడాలి, దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. ప్యానెళ్లకు రెండు వారంటీలు ఉంటాయి: తయారీ లోపానికి 10 నుంచి 12 ఏళ్లు, ఉత్పత్తి తగ్గకుండా 25 ఏళ్లు లేదా ఎక్కువ. వారంటీ కార్డు మీద సీరియల్ నంబర్లు డాబా మీద వచ్చిన ప్యానెళ్ల నంబర్లతో సరిపోవాలి. బిగించాక వెనక స్టిక్కరు కనిపించదు కాబట్టి దించిన రోజే ఫొటోలు తీసుకోండి.

డబ్బు దశలవారీగా ఇవ్వండి. ఒప్పందం రోజు పదో ఇరవయ్యో శాతం, సామాను వచ్చాక ఎక్కువ భాగం, నెట్ మీటర్ పెట్టాక మిగతాది. చివరి 10 శాతం చేతిలో లేకపోతే నెట్ మీటర్ కోసం డిస్కం ఆఫీసు చుట్టూ మీరే తిరగాల్సి వస్తుంది. పోర్టల్ ఓటీపీ ఎవరికీ చెప్పకండి, సబ్సిడీ పడే బ్యాంకు వివరాలు మీరే స్వయంగా నమోదు చేయండి.

కొన్న ఇంటి మీద అప్పటికే ప్యానెళ్లు ఉంటే వేరే జాబితా. నెట్ మీటర్ ఒప్పందం మీ పేరుకు మార్పించాలి. ఇన్వర్టర్ యాప్ లాగిన్, కొనుగోలు బిల్లు, వారంటీ పత్రాలు రిజిస్ట్రేషన్‌కు ముందే తీసుకోండి. యాప్‌లో గత ఏడాది మొత్తం యూనిట్లు చూడండి. 3 కిలోవాట్లకు 4,000కు బాగా తక్కువ వస్తుంటే నీడో, దుమ్మో, పాడైన ప్యానెలో ఉన్నట్టు, ఇంటి ధరలో ఆ మేరకు తగ్గించమని అడగవచ్చు.

బిగించాక మొదటి రెండు నెలలు

3 కిలోవాట్ల యంత్రం 3 కిలోవాట్లు ఇవ్వడం లేదని కంగారుపడకండి. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 60, 65 డిగ్రీలకు వేడెక్కుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి 2.4, 2.5 కిలోవాట్లు వస్తే బాగున్నట్టే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు 13 యూనిట్ల పైన, జూలై ముసురులో ఏడెనిమిది యూనిట్లు మామూలు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఉత్పత్తి ఉన్నట్టుండి సున్నాకు పడిపోయి మళ్లీ వస్తుంటే లైన్ వోల్టేజీ ఎక్కువై ఇన్వర్టర్ ట్రిప్ అవుతోందన్న మాట. యాప్‌లో ఎర్రర్, వోల్టేజీ స్క్రీన్‌షాట్ తీసి డిస్కంకు ఫిర్యాదు చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేయాల్సిన పని అది.

దుమ్ము పదిహేను రోజులకోసారి, వేసవిలో ఇంకా తరచుగా, తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ కడగాలి. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు కఠినమైతే ఆరాక తెల్లటి పొర కడుతుంది, మున్సిపల్ నీళ్లో వాన నీళ్లో వాడి మెత్తటి మాప్‌తో తుడవండి. ప్యానెల్ మీద కాలు పెట్టి తుడిచేవాళ్లను పైకి ఎక్కనివ్వకండి. పైకి కనపడని పగుళ్లు సెల్స్‌లో పడి నెలల తరువాత ఉత్పత్తి తగ్గుతుంది.

నెట్ మీటర్ పెట్టిన రోజు దాని మీది ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు రెండూ ఫొటో తీసి ఉంచండి. మొదటి బిల్లు రాగానే తీసుకున్న యూనిట్లు, ఇచ్చిన యూనిట్లు, వచ్చే నెలకు జమ అయినవి మూడూ ఆ ఫొటోతో సరిపోల్చండి. యాప్‌లో కనిపించే మొత్తం ఉత్పత్తి, బిల్లులోని ఎక్స్‌పోర్ట్ ఒకటి కావు. పగలు మీరు ఇంట్లోనే వాడేసినవి మీటరు దాకా వెళ్లవు. ఎక్స్‌పోర్ట్ అంకె అసలే పడకపోతే బిల్లింగ్‌లో మీ సర్వీసు ఇంకా నెట్ మీటరింగ్ కిందికి మారలేదని అర్థం. రెండో బిల్లు దాకా ఆగకుండా ఆ ఫొటో, బిల్లు పట్టుకుని సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.